బరువున్న బండి

ప్రతి మంగళవారం పొద్దున కాఫీ తాగాక లవోన్ ట్వేట్ కొట్టంలోకి వెళ్లి మొగుడి పికప్ బండి స్టార్ట్ చేసేది. చలికాలమైతే ముందురోజే ఇంజన్ వేడెక్కడానికి కరెంటు తీగ తగిలించి ఉంచేది. డీజిల్ ఇంజన్‌ని చలిలో లేపడం, తాగి పడుకున్నవాణ్ణి లేపడం ఒకటే. తొందరపడితే రెండూ తిరగబడతాయి. బండి దగ్గి, నల్లగా ఓ బుస్స వదిలి, దారికొచ్చాక ఆరు మైళ్లు పోస్టాఫీసు దాకా పోయి వచ్చేది. పోతూ వస్తూ లవోన్ మొగుణ్ణి తిట్టేది.

మొగుడు కర్టిస్ బండిలో లేడు. తొమ్మిదేళ్ల కిందట, పొద్దుతిరుగుడు కోతల వేళ, పడమటి చమురు బావుల్లో పని చూసుకుంటానని రోడ్డు చివర ఎవరిదో కారెక్కి పోయాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు. "బండి వదిలి వెళ్లాడు కదా, వస్తాడు," అంది టోర్విక్ ఊరంతా. పెళ్లాన్ని వదిలి వెళ్లినవాళ్ల గురించి ఊరు అంత ధీమాగా మాట్లాడదు.

బండి అలాంటిది మరి. తొంభై ఏడు నాటిది. మూడేళ్లు వాడినదాన్ని కర్టిస్ పద్దెనిమిది వేల డాలర్లకి కొన్నాడు. ఇప్పుడు రెండు లక్షల ఎనభై వేల మైళ్లు తిరిగి, చక్రాల పైరేకు తుప్పు తినేసినా పదకొండు వేలు ఎవడైనా కళ్లు మూసుకుని ఇస్తాడు. ఆవు ముసలిదైతే ధర పడుతుంది, మనిషి ముసలివాడైతే మాట పడుతుంది, ఈ బండ్ల లెక్క వేరు. తర్వాత వచ్చిన వాటికి పొగగొట్టంలో జల్లెళ్లు, లోపల కంప్యూటర్లు పెట్టారు. నడి మంచులో ఆగిపోతే మెకానిక్కు కూడా లాప్‌టాప్ తెచ్చుకోవాలి. పాతది ఆగితే ఒక పానా, నాలుగు బూతులు చాలు.

ఇక బరువున్న బండి అయితే పదిహేను వేలు కూడా పలుకుతుంది. ఆ జిల్లాలో ఏళ్ల తరబడి బండి నడిపినవాడు చనిపోతే, ఎక్కడ చనిపోయినా సరే, అతని బరువు బండిలోకి వచ్చి కూర్చుంటుంది. ఖాళీ పికప్‌కి ముందు ఇంజన్ బరువు, వెనక తేలిక. మంచులో తోక తిప్పుకుంటుంది. అందుకే అందరూ వెనక ఇసక సంచులు వేసుకుంటారు. బరువున్న బండికి ఆ బాధ లేదు. మంచు తుపానులో దారి కనపడకపోతే, లోపలున్న మనిషి ఎటు పోయేవాడో బండి అటే మొగ్గుతుంది. ధాన్యం గోదాము కాటా మీద తూచి ఇచ్చిన చీటీ చూపిస్తే, ఆ మనిషి పోయినట్టు జిల్లా కచేరీ కాగితం రాసిస్తుంది. ఆ కాగితంతోనే బండి పెళ్లాం పేరుకు మారుతుంది.

మొదటి మూడేళ్లు లవోన్ కోతలయ్యాక బండిని తూయించింది. ప్రతిసారీ ఆరు వేల నూట ఇరవై పౌండ్లు, ఉత్త బండి బరువు. ఆ తర్వాత మానేసింది. బతికున్నాడంటే కోపమొస్తుంది. పోయాడంటే ఏమొస్తుందో ఆమెకు తెలియదు.

ఆ వసంతంలో బిస్మార్క్ పట్నం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "రొట్టెల కొట్లో సగం వాటా ఖాళీ అయింది. నెలాఖరులోపు డబ్బు కడితే నీది. ఇంకెన్నాళ్లక్కా, ఆ బండికి కాపలా?" అమ్మడానికి లవోన్ దగ్గర ఆ బండి తప్ప ఏమీ లేదు. అది కర్టిస్ పేరున ఉంది.

అందుకని ఆమె డెబ్బై పౌండ్ల ఇసక సంచులు మూడు కొని సీటు వెనక కుక్కి, పైన గుర్రపు దుప్పటి కప్పింది. వెళ్లేనాటికి కర్టిస్ రెండు వందల పది పౌండ్లు ఉండేవాడు.

కొనడానికి వచ్చిన గార్త్ క్రోల్ వయోమింగ్ దాకా పశువుల మేత తోలే మనిషి. కాటా దగ్గరే నిలబడి ఉన్నాడు. లవోన్ బండిని కాటా పళ్లెం మీద ఆపి దిగింది. గోదాము ముసలాయన ఆర్విడ్ కళ్లద్దాలు పైకి తోసుకుని గుండ్రటి కాటా ముల్లు చూశాడు. మళ్లీ చూశాడు.

"అమ్మాయ్, మూడు వందల అరవై ఒకటి ఎక్కువుంది. కర్టిస్ అంత బాగా తిన్నాడంటావా?"

గార్త్ నవ్వాడు. లవోన్ నవ్వలేదు. తను పెట్టింది రెండు వందల పది.

"సీటు వెనక ఇసక ఉంది," అంది.

"నాకు తెలుసులే," అన్నాడు ఆర్విడ్. "మొన్న కొట్లో నీ వెనకే నిలబడ్డాను. మంచు కరిగాక ఇసక కొనేదానివి నువ్వొక్కదానివే."

ముగ్గురూ కలిసి సంచులు దించారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ముల్లు వెనక్కి తిరిగి ఆరు వేల రెండు వందల డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఆర్విడ్ పళ్లెం అంచులు ఊడ్చి, కింద రాయేమైనా ఇరుక్కుందేమోనని వంగి చూశాడు. ముల్లు కదల్లేదు.

"నూట యాభై ఒకటి," అన్నాడు టోపీ తీస్తూ.

"అరవై పౌండ్లు తగ్గాడు," అంది లవోన్. "ఎక్కడ ఉన్నాడో, సరిగ్గా తిండి తినలేదు." బండి దగ్గరికి నడిచి అడిగింది, "ఎప్పట్నించి ఉన్నాడు ఇందులో?"

"కాటాకి ఎంత బరువో తెలుసమ్మా. ఎప్పట్నించో తెలీదు."

లవోన్ బండి కిటికీ అద్దంలోంచి లోపలికి చూసింది. ఏ గుంటలోనో కుళ్లి చావమని తిట్టిన మాటలు గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని అతని పక్కన కూర్చుని అందో!

గార్త్ గొంతు సవరించుకున్నాడు. బరువున్న బండి కొనేవాడు మూడు ప్రశ్నలు అడగాలి, అమ్మేవాళ్లు బానెట్ మీద చెయ్యి వేసి నిజం చెప్పాలి. అబద్ధమాడితే ఆ చలికాలం బండి లేవదు.

"ఏమనుకోకండమ్మా, అడగక తప్పదు. తాగేవాడా?"

"శనివారాలు."

"స్టీరింగ్ దగ్గర కునుకు తీసేవాడా?"

"చర్చిలో మాత్రమే."

"ఇంటికి తిరిగొచ్చే మనిషేనా?"

ధరంతా ఆ ప్రశ్న మీదే ఉంటుంది. దానికి ఏ అబద్ధం చెప్పాలో లవోన్ రాత్రంతా సిద్ధం చేసుకుంది. ఇప్పుడు అరచేతి కింద ఇంజన్ ఇంకా వెచ్చగా ఉంది. ఆర్విడ్ నేల చూస్తున్నాడు.

"వచ్చాడు," అంది. "చెప్పకుండా వచ్చాడు, ఆలస్యంగా వచ్చాడు. కానీ వచ్చాడు."

"పధ్నాలుగు వేలు."

"పదిహేను. చిక్కిపోయాడని తగ్గించకు."

గార్త్ ఆమె మొహం చూసి చెయ్యి చాపాడు. ఆర్విడ్ చీటీ రాసి, స్టాంపు వేసి, ఆమెకిచ్చాడు.

తాళాలు ఇచ్చే ముందు లవోన్ పక్కసీటు తలుపు తెరిచి అలాగే నిలబడింది. మాట్లాడకుండా తలుపు మూసేస్తే, బండి జన్మంతా ఖాళీ ఇంటి వైపు మొగ్గుతుంది. తను ఎక్కడికి పోతోందో చెబితే, అక్కడా వదలదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసినామె ఆ ఒక్క నిమిషం ఆలోచించడానికి చాలా కష్టపడింది.

"కర్టిస్," అంది చివరికి, "ఆ ఇంట్లో ఇక ఎవరూ ఉండరు. బిస్మార్క్‌లో మూడో వీధి, రొట్టెల కొట్టు. వెనక తలుపు. ఊరికే రాకు. మంచు పట్టి దారి లేకపోతేనే."

"నా సరుకుతోనా?" అన్నాడు గార్త్.

"నీ కాఫీ నా ఖర్చు."

ముల్లు చిన్నగా వణికి, ఉన్నచోటే నిలిచింది. గార్త్ బండెక్కి, పక్కసీటు మీద పెట్టబోయిన టోపీని ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా బండిని పళ్లెం మీంచి దింపాడు. బండి రోడ్డెక్కి పడమటికి పోయింది. దుమ్ము అణిగేదాకా లవోన్ కాటా మీదే నిలబడి చూసింది.

"దిగమ్మాయ్," అన్నాడు ఆర్విడ్ కిటికీలోంచి, మెల్లగా. "వెనక గోధుమల లారీ ఆగింది."