ముసలమ్మ బంతి

పదమూడో టపాపెట్టె దగ్గర కారాపి కిటికీలోంచి చెయ్యి చాచేసరికి ఎల్డన్ రూప్ వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. చేతిజోళ్లకి వేళ్లకొసలు తనే కత్తిరించుకున్నాడు. లేకపోతే ఉత్తరాలు విడదీయడం కుదరదు. కరెంటు బిల్లు, విత్తనాల కేటలాగు, ఒక పెళ్లిపిలుపు లోపలికి తోసి రేకు తలుపు మూశాడు. అమెరికాలో ఇండియానా పల్లెదారుల్లో టపా పంచే పాతకాపులందరిలాగే అతనూ పెట్టెలందేలా కుడిపక్క సీట్లో కూచుని, ఎడమపక్కనుండే బ్రేకుని ఎడమకాలు అడ్డంగా చాపి తొక్కుతాడు, ఎడమచేత్తో చక్రం తిప్పుతాడు. ముప్పై ఒక్కేళ్లుగా చాపిన కాలు. ఇంట్లో కుర్చీలో తిన్నగా కూచున్నా అది పక్కకే పోతుంది. భోజనాల దగ్గర అతని భార్య మార్లిస్ "నా పాదం బ్రేకు కాదు" అని గుర్తు చేస్తూంటుంది.

అతని దారిలో మూడువందల పన్నెండు పెట్టెలు. ఆ ఇళ్లని అతను నెంబర్లతో కాదు, బాస్కెట్‌బాల్ రింగులతో గుర్తుపెట్టుకుంటాడు. కొట్టం గోడకో, కారుషెడ్డు నెత్తినో, ఉత్త స్తంభానికో, ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. కొత్త వల కట్టారంటే ఆ ఇంటి పిల్లకి పదేళ్లొచ్చినట్టు. రింగు ముందుకి వంగిందంటే కొడుకు ఎగిరి వేలాడే వయసుకొచ్చినట్టు. వల చివికి నాలుగు దారాలు మిగిలాయంటే ఆ ఇంట్లో ఇక ఆడేవాళ్లు లేరు. మలుపు దగ్గర పాల వ్యాపారి రింగు మనిషెత్తులోనే ఉంటుంది. ట్రాక్టరు బోల్తాపడి నడుం పోయాక, చక్రాల కుర్చీలోంచి వేసుకోవడానికి దాన్ని కిందికి దింపించుకున్నాడాయన. ఎండ కాసిన రోజున ఇప్పటికీ వేస్తాడు.

ఎల్డన్ మాత్రం ఏ జట్టులోనూ ఆడలేదు. తొమ్మిదో తరగతిలో ఎంపికైనవాళ్ల జాబితా తలుపుకి అంటిస్తే, మూడుసార్లు పైనుంచి కిందికి చదివి, నాలుగోసారి కిందనుంచి పైకి చదివాడు. ఎటునుంచి చదివినా లేడు. పొట్టి, పైగా పరుగు తక్కువ. కోచ్ జాలిపడి తువాళ్లు ఉతికే పని ఇచ్చాడు. తువాళ్లవాడికి బెంచీ చివర చోటుంటుంది. అంత దగ్గర్నించి ఆట చూడడం దొరికాక ఆడకపోయానన్న బాధ అతనికి పెద్దగా మిగల్లేదు. అప్పట్నించీ చూస్తూనే ఉన్నాడు. ప్రొఫెషనల్ వాళ్లది, కాలేజీలది, తన ఊరు మార్‌బరీ హైస్కూలుది, ఆడపిల్లలది, మగపిల్లలది, చర్చి వెనక కుర్ర పాస్టర్లదీ లావుపాటి చర్చి పెద్దలదీ కూడా.

పన్నెండు కావస్తూండగా ఓపల్ కెస్లింగ్ ఇల్లొచ్చింది. పెట్టె రోడ్డుమీదే ఉన్నా, చలికాలం ఆమె టపా వరండాదాకా తీసికెళ్లి ఇస్తాడు. రూలు అడగదు, అతని కాలూ ఒప్పుకోదు, అయినా వెళ్తాడు. తొంభై ఒక్కేళ్ల మనిషి. సన్నగా, నిటారుగా, మగవాళ్ల ఉన్నికోటులో తలుపు తెరిచింది. లోపల టీవీలో నిన్నటి ప్రొఫెషనల్ ఆట, నోరు నొక్కేసి ఉంది.

"ఏమోయ్ ఎల్డన్, నీ కోటీశ్వరులు నిన్న ఓడిపోయారటగా."

"ఇద్దరు పెద్ద ఆటగాళ్లని పడుకోబెట్టారండీ. విశ్రాంతి."

"విశ్రాంతా! మా ఆయన డెబ్భై ఆవుల పాలు పితికాడు. నాకివాళ విశ్రాంతి అని ఏ ఆవుకీ చెప్పలేదు."

"వాళ్లు అంత దూరం నుంచి వేస్తారు చూడండీ, అది మాత్రం కళ. ఒప్పుకోండి."

"కళే. అందరూ అదొక్కటే చేస్తే కళ కాదు, జలుబు. ఒకడి నుంచి ఒకడికి అంటుకుంటుంది."

"పోనీ కాలేజీవాళ్లు?"

"పేరు నాకు నోరు తిరిగేసరికి ఆ పిల్లాడు డబ్బెక్కువిచ్చే ఇంకో కాలేజీ చొక్కా వేసుకుని కనిపిస్తాడు. వాళ్ల డబ్బు వాళ్లు తెచ్చుకోనీ, నాకేం కుళ్లు లేదు. కానీ నేనెవరి కోసం కేకలెయ్యాలి, చొక్కా కోసమా?" కవర్లు పేకముక్కల్లా విదిలించి చూసుకుంది. "ఈ ఊళ్లో పుట్టింది, ఈ ఊరి బస్సెక్కింది, ఈ ఊరి కోసం ఆడింది. అదీ ఆట. చెప్పావా ఆ పిల్లకి?"

ఆ పిల్ల మాసీ గ్రేబర్. మార్‌బరీ అమ్మాయిల జట్టులో అందరికన్నా పొడుగు. బంతి చేతికొస్తే ఎదుటివాళ్లు తోసి, గుద్ది, తప్పుచేసైనా ఆపేస్తారు. ఎందుకంటే తప్పు చేసినందుకు శిక్షగా ఇచ్చే ఫ్రీ త్రో, ఎవరూ అడ్డురాకుండా గీతమీద నిలబడి వేసుకునే బంతి, ఆమెకి పడదు. పదికి మూడు. మూడువారాల కిందట ఓపల్ ఎల్డన్‌తో కబురంపింది: రెండు చేతులతో బంతిని మోకాళ్ల మధ్యనుంచి పైకి విసరమని. ఓపల్ చదువుకునే రోజుల్లో బడుల్లో ఆడపిల్లలకి జట్లే లేవు. కొట్టం గోడకి కట్టిన రింగులోకి, పాలు పితికాక, అలాగే వేసేది. ఒకసారి వరసగా నూటపద్నాలుగు పడ్డాయట. సాక్షులు ఆవులే.

దాన్ని ఇక్కడ ముసలమ్మ బంతి అంటారు. ఎల్డన్ ఆ రోజు పగలబడి నవ్వాడు. ప్రొఫెషనల్ వాళ్లెవరూ అలా వేయరు కదా అన్నాడు. "వాళ్లకి సిగ్గు. ఏడాదికి అన్ని కోట్లిచ్చినా సిగ్గు పోలేదంటే అది ఎంత ఖరీదైన రోగమో చూడు" అందామె. అయినా కబురు చేరవేశాడు. చేరవేయడమే కదా అతని పని.

"చెప్పానండీ. నేర్చుకుంటోందనుకుంటా."

"ఇవాళ గెలవాలంటే వెయ్యక తప్పదు. మోకాళ్లు ఇంకా వంచమని చెప్పు."

నేర్చుకుంటున్నదని అతనికి ఎలా తెలుసంటే, గ్రేబర్ వాళ్ల వాకిట్లో మోకాలిలోతు మంచు. రింగుకి పదిహేనడుగుల దూరంలో మాత్రం చాపంత మేర నేల కనిపిస్తుంది, తొక్కి తొక్కి నున్నబడి. రోడ్డుమీద కారు చప్పుడైతే ఆ పిల్ల బంతి పైకెత్తి మామూలుగా వేసేస్తుంది. కారు దాటిపోయాక మళ్లీ వంగుతుంది. కారు అద్దంలో ఎల్డన్ రెండుమూడుసార్లు చూశాడు. రెండోసారి నవ్వు రాలేదు.

ఆరింటికి ఆట. మార్‌బరీలో దుకాణాలు నాలుగింటికే మూసేశారు. టోర్నమెంటు సెమీఫైనల్, జిల్లాకేంద్రంలోని పెద్దబడితో. పందొమ్మిదేళ్లుగా మార్‌బరీ అమ్మాయిలు ఆ బడిని ఓడించలేదు. మార్లిస్ కూడా వచ్చింది, ఎప్పట్లాగే ఒక లావుపాటి నవలతో. హాలంతా లేచి అరిస్తే తలెత్తి, కూచుంటే పేజీ తిప్పుతుంది.

ఆటగత్తెలు వచ్చే తలుపు దగ్గర ఎల్డన్ కాసుకున్నాడు. మాసీ సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"ఓపల్ గారు మోకాళ్లు ఇంకా వంచమన్నారు."

"అందరూ నవ్వుతారు, రూప్ గారూ."

"నవ్వుతారమ్మా. నేనూ నవ్వాను." అతనికి కోచ్‌లా మాట్లాడడం చేతకాదు. "నవ్విన నేను పదికి ఒకటి కూడా వేయలేను."

మాసీ లోపలికెళ్లింది. మొదటి సగంలో నాలుగు ఫ్రీ త్రోలు దొరికాయి. నాలుగూ లోకమంతా వేసినట్టే, చెయ్యెత్తి, వేసింది. నాలుగూ పోయాయి. ఎల్డన్ పాప్‌కార్న్ సంచీ నలిపి ఉండచేశాడు.

అయినా జట్టు వెనకబడలేదు. పొట్టిపిల్లలు పిచ్చుకల్లా పరిగెత్తారు. ఆఖరికి నాలుగు సెకన్లుండగా నలభై ఐదు, నలభై నాలుగు. ఒక్క పాయింటు వెనక. బంతి మాసీకి చేరింది. ఇద్దరు మీదపడ్డారు. ఈల. రెండు బంతులు, ఒక్కోటికి ఒక్కో పాయింటు.

ఆమె గీత దగ్గరికి నడిచింది. ఒకసారి షూ అడుగులు తుడుచుకుంది. తర్వాత కాళ్లు ఎడం చేసి, బంతిని రెండు చేతులతో మోకాళ్ల మధ్యకి దించింది.

ఎదుటి బడి పిల్లల వైపు నుంచి మొదట ఒక కిసుక్కు. తర్వాత నవ్వు. తర్వాత బల్లలమీద కాళ్లు తొక్కుతూ తాళం: "ము-స-ల-మ్మా! ము-స-ల-మ్మా!" మాసీ చెవులు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి. మార్‌బరీ వైపు మూడువేలమంది ఊపిరి బిగబట్టారు. మార్లిస్ నవల మూసేసింది, గుర్తు కూడా పెట్టుకోకుండా.

బంతి నెమ్మదిగా, గిర్రున వెనక్కి తిరుగుతూ లేచి, రింగు అంచుమీద మెత్తగా కూచుని, లోపలికి జారింది.

తాళం ఆగిపోయింది. రెండోది అంచు కూడా తాకకుండా నేరుగా వలలో పడింది.

ఆఖరి మోత మోగాక ఏం జరిగిందో ఎల్డన్‌కి సరిగ్గా గుర్తులేదు. తను మార్లిస్‌ని ముద్దు పెట్టుకున్నాడనీ, తర్వాత పక్కన కూచున్న దంతవైద్యుణ్ణి కూడా పెట్టుకున్నాడనీ ఆవిడ చెప్పింది. నేలమీద అమ్మాయిలందరూ మాసీ చుట్టూ చేరి, కాళ్లు ఎడంచేసి వంగి, లేని బంతులు విసురుతూ గంతులేస్తున్నారు. ఎల్డన్ ఆ మెట్లమీదే చాపిన కాలుతో నిలబడి, తనూ ఒకటి విసిరాడు.

మర్నాడు శనివారం. టపా ఉంటుంది. ఎండ కాసింది. ప్రతి పెట్టె దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు, ఉత్తరాల కోసం కాదు, మాట్లాడుకోవడానికి. పాలవ్యాపారి తన పొట్టి రింగులోకి ముసలమ్మ బంతి వేస్తున్నాడు. మామూలుకన్నా గంట ఆలస్యంగా ఎల్డన్ ఓపల్ పెట్టె దగ్గరికొచ్చాడు. చెప్పాల్సినవి వరస పెట్టుకుంటూ వచ్చాడు.

పెట్టె పక్కన చిన్న రేకు జెండా లేచి ఉంది. లోపల తీసుకెళ్లవలసిన ఉత్తరముంటే ఇంటివాళ్లు లేపే జెండా. కవరుమీద పెన్సిలుతో అతని పేరే ఉంది.

"ఎల్డన్, రేడియోవాడు 'వింతగా వేసింది' అన్నాడు. వింత కాదు, సరిగ్గా వేసింది. రెండోదానికి మోకాళ్లు వంచిందా లేదా? నువ్వు చూశావు గనక నిజం చెప్పు. ఇవాళ ఫైనల్లో వాళ్ల ఎడమచేతి పిల్లని ఎవరు కాస్తారో నాకు బెంగగా ఉంది. నీ కోటీశ్వరులు రాత్రి తొమ్మిది ఫ్రీ త్రోలు పోగొట్టారు. నా అడ్రసు వాళ్లకి పంపు. ఓపల్."

అతను ఒక్కడే కార్లో కూచుని గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే వరండా ఎక్కాడు. తలుపు తీసింది ఓపల్ కాదు, ఆమె మేనకోడలు. కళ్లు వాచి ఉన్నాయి.

"పొద్దున్న ఏడింటికి రోడ్డుదాకా వెళ్లొచ్చింది. పక్కింటివాళ్లు చూశారు. కాఫీ పోసుకుని కూచుంది, కూచున్నట్టే పోయింది. నేనొచ్చేసరికి కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. మీరేనా ఎల్డన్? రాత్రి నాకు ఫోన్ చేసి గంటసేపు చెప్పింది, ఎల్డన్ ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలి అని. దేని గురించో నాకర్థం కాలేదు."

"మోకాళ్లు వంచిందండీ," అన్నాడు ఎల్డన్. "రెండోదానికీ వంచింది." ఆమె చేతిలో టపా పెట్టాడు.

ఇంకా నూటముప్పై పెట్టెలున్నాయి. ఆరింటికి ఫైనల్. ఎడమచేతి పిల్లని ఎవరు కాయాలో మాసీ వాళ్ల కోచ్‌కి ఎలా చెప్పడమా అని ఆలోచిస్తూ కారు కదిలించాడు. ఉత్తరం తీసుకున్నాక జెండా దించడం టపావాడి పని. అద్దంలో చూసేదాకా గుర్తురాలేదు. తెల్లటి పొలాల పక్కన, ఖాళీ పెట్టెమీద, ఎర్రటి రేకుజెండా లేచే ఉంది.