సొంత వాక్యం

మీటరమ్మకు ఇంగ్లీషు నేర్పే పంతులమ్మ ఇంకా తొమ్మిదో తరగతి దాటలేదు. స్వయానా చెల్లెలి కూతురు. అయితేనేం, పెన్ను చేతికొస్తే చాలు, పెద్దమ్మ అన్న మొహమాటం ఏ కోశానా ఉండదు. "మళ్ళీ చెప్పు" అంటుంది. చెబితే, "నోరు పూర్తిగా తెరిచి చెప్పు" అంటుంది. ఫ్యాక్టరీలో అంతమంది మగాళ్ళ మధ్య ఎవరి చేతా మాట పడకుండా నెట్టుకొచ్చిన మనిషి, చెల్లెలి వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఆ పిల్ల చేత రోజూ చివాట్లు తింటోంది.

ఈ తిప్పలన్నీ ఊరికే కాదు. అది బట్టలకు రంగులు వేసే ఫ్యాక్టరీ. రంగు కడిగిన నీళ్ళన్నీ వెనక షెడ్డులోని తొట్లలోకి వస్తాయి. అక్కడ మందు కలిపి, మడ్డి అడుక్కి దిగాక, తేటనీళ్ళు బయటికి పంపాలి. ఆ షెడ్డులో మీటర్లు చూసేది కాబట్టి ఆవిడ మీటరమ్మ అయింది. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకైనా గుర్తుందో లేదో. ఇప్పుడు సరుకు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు షెడ్డు చూడ్డానికి వస్తున్నారు. మేనేజరు చెబితే నమ్మరట. పనిచేసే మనిషి, అందులోనూ ఆడమనిషి, తన నోటితో ఇంగ్లీషులో చెబితే ముచ్చటపడతారట.

"నాలుగు ముక్కలు తడుముకోకుండా చెప్పావంటే, నిన్ను పర్మనెంట్ చేయించే పూచీ నాది" అన్నాడు మేనేజరు. కాంట్రాక్టు ఎప్పుడు తెగుతుందోనని ఏళ్ళతరబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిన మనిషికి ఆ మాట చాలదూ? భర్త పోయాక ఆమెకున్న ఆధారమల్లా ఆ షెడ్డే.

మేనేజరు ఇచ్చిన మాటలు ఒక పట్టాన నోరు తిరిగేవి కావు. 'ఎఫ్లుయెంట్' అంటే ఫ్యాక్టరీ విడిచిన మురికినీరు. 'కంటామినేషన్' అంటే మంచిదాంట్లో చెడ్డది కలవడం. 'డిశ్చార్జ్' మాత్రం మీటరమ్మకు తెలుసు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించడం. నీళ్ళను బయటికి వదిలినా అదే మాట అంటారని పంతులమ్మ చెప్పింది.

"మావాళ్ళు రోగం తగ్గకుండానే పంపేస్తారులే" అని నవ్వి, వెంటనే నాలుక కరుచుకుంది మీటరమ్మ. పిల్ల నవ్వలేదు, వినిపించుకున్నట్టూ లేదు.

మాటలు బట్టీపడితే సరిపోయేది. కానీ ఆ పిల్లకో పద్ధతుంది. కొత్త మాట వచ్చినప్పుడల్లా దాంతో సొంత వాక్యం చెప్పాలి, అందులోని సంగతి కళ్ళారా చూసిందై ఉండాలి. బళ్ళో టీచరు అలాగే చెప్పిస్తుందట.

"మేనేజరు రాసిచ్చిన వాక్యాలున్నాయి కదే?"

"అవి ఆయనవి. నీది చెప్పు. అబద్ధానికి మార్కు లేదు."

'వేస్ట్' వచ్చింది. "మా చెల్లెలు సబ్బు వేస్ట్ చేస్తుంది" అని కష్టపడి ఇంగ్లీషులోకి మార్చి చెప్పి మార్కు కొట్టేసింది మీటరమ్మ. "మధ్యలో నా మీద పడ్డారేం?" అంది చెల్లెలు పొయ్యి దగ్గర్నించి. 'డిఫారెస్టేషన్' వచ్చింది. లారీలు తిరగడానికి ఫ్యాక్టరీ పక్కన చెట్లన్నీ కొట్టేశారని చెప్పింది. అదీ చూసిందే కాబట్టి మార్కు పడింది. ఆ తర్వాత 'అన్‌ట్రీటెడ్' వచ్చింది. అంటే శుద్ధి చేయనిది.

"ఇంకో మాట అడగవే" అంది మీటరమ్మ.

"వదిలేస్తే మార్కు పోతుంది" అంటూ పంతులమ్మ మోచేయి గీరుకుంది. మోచేతి మడతల్లో ఎర్రగా, పొలుసులు కట్టి ఉంది. వేళ్ళ సందుల్లోకీ పాకింది.

"ఏ సబ్బూ పడి చావడం లేదక్కా దీనికి. మార్చని సబ్బు లేదు" అంది చెల్లెలు.

మీటరమ్మ ఆ చేతి మీంచి చూపు తిప్పేసుకుంది. సబ్బు సంగతి కాదని ఆవిడకు తెలుసు.

షెడ్డులో గోడవారగా తూము తెరిచే చక్రం ఒకటి ఉంది. గట్టి వాన పడితే కప్పుల మీది నీళ్ళు కూడా తొట్లలోకి దిగి, అవి పొంగిపోతాయి. పొంగితే పైన మిషన్లు ఆపాలి. మిషన్లు ఆపడమంటే మేనేజరు ప్రాణం పోతుంది. అందుకని వాన మొదలవగానే "చక్రం చూసుకో" అని కబురొస్తుంది. మీటరమ్మ చక్రం తిప్పుతుంది. తొట్లలోని నీళ్ళు ఎలా ఉన్నాయో అలాగే, రంగుతో మందుతో సహా, గోడ వెనక కాలవలోకి పోతాయి. ఆ కాలవ చెల్లెలి వీధి పక్కనుంచే వెళుతుంది. కాలవ పక్కనే చేతిపంపు ఉంది, కాలవలోది ఇంకి అందులోకి దిగుతుంది, వీధి మొత్తానికి ఆ పంపు నీళ్ళే గతి.

తిప్పిన రోజు సాయంత్రం మీటరమ్మ పనిగట్టుకుని చెల్లెలి ఇంటికొచ్చి, "రేపు పంపు నీళ్ళు పట్టకండి, వానకి బురద కలుస్తుంది" అని చెబుతుంది. చెల్లెలు బకెట్ పెట్టకపోతే వీధిలో ఇంకెవరూ పెట్టరు. ఏళ్ళుగా అదే అలవాటైపోయింది. "మా అక్క చల్లగా ఉండాలి, మా మంచీచెడ్డా కనిపెట్టుకుని ఉంటుంది" అని చెల్లెలు అందరితో గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా మీటరమ్మ లేచి చెప్పులు వెతుక్కునేది. ఒక్కరోజు పట్టకపోతే సరిపోతుందని తనకు తానే సర్దిచెప్పుకునేది. సరిపోవడం లేదని ఆ పిల్ల చేతులు చెబుతూనే ఉన్నాయి.

కంపెనీ వాళ్ళు వచ్చే ముందురోజు షెడ్డుకు సున్నం కొట్టారు. తుప్పు కనబడకుండా చక్రానికి నీలం రంగు పూశారు. మర్నాడు పొద్దున ఒక పొట్టిజుట్టు ఆవిడా, ఆవిడ వెంట ఇద్దరు మగాళ్ళూ వచ్చారు. మీటరమ్మ ఉతికిన చీర మీద కోటు వేసుకుని నిలబడి, తొట్టి తొట్టికీ చెప్పాల్సింది చెప్పింది. ఎక్కడా తడబడలేదు. పొట్టిజుట్టావిడ ముచ్చటపడి తలాడించింది. పక్కన మేనేజరు మొహం చాటంతయింది.

అంతా అయిపోయిందనుకుంటుండగా ఆవిడ ఆగి, మేనేజర్ని కాదు, మీటరమ్మను అడిగింది. నిదానంగా, విడివిడిగా అడిగింది. పెద్ద వాన పడి ఈ తొట్లు నిండిపోతే నీళ్ళెక్కడికి పోతాయి?

ప్రశ్న మొత్తం అర్థమైంది. ఒక్క మాట కూడా జారిపోలేదు. జన్మలో మొదటిసారి ఇంగ్లీషు ప్రశ్న ఒకటి తెలుగులా లోపలికి దిగింది. ఆ క్షణంలో మీటరమ్మకు కలిగింది సంతోషమే. పంతులమ్మకు చెప్పాలనిపించింది కూడా. జవాబుకు కావలసిన మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. అప్పుడు మేనేజరు చిన్నగా దగ్గాడు.

"నో ఇంగ్లీష్, మేడమ్. సారీ" అంది మీటరమ్మ.

పక్కనే ఇంకో పెద్ద తొట్టి ఉందని మేనేజరు అందుకుని చెప్పాడు. అలాంటి తొట్టి ఏదీ లేదు. పొట్టిజుట్టావిడ మీటరమ్మను కాసేపు చూసి, ఇంకేదో అడగబోయి మానేసింది.

వాళ్ళ కారు గేటు దాటగానే మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "భలేదానివే. అంతసేపు గడగడా మాట్లాడి, అడక్కూడనిది అడగ్గానే ఇంగ్లీషు రాదన్నావు చూడు, అదీ తెలివంటే. పర్మనెంటు ఖాయం అనుకో." అంటూనే ఆకాశం వైపు చూశాడు. మబ్బు పట్టింది. "చక్రం చూసుకో" అని లోపలికెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మీటరమ్మ చక్రం తిప్పింది. పర్మనెంటు ఖాయమైనందుకు సంతోషపడదామని చూసింది గానీ, సంతోషం రాలేదు.

సాయంత్రం తడిసిపోయి చెల్లెలి ఇంటికొచ్చింది. చెల్లెలు తువ్వాలిచ్చి టీ పెట్టడానికి వెళ్ళింది. పంతులమ్మ బల్ల దగ్గర కాచుకుని కూర్చుంది.

"ఏ మాటలు వాడావు? అన్నీ చెప్పావా?"

"అన్నీ చెప్పాను. ఒక్కదానికి మాత్రం ఇంగ్లీషు రాదన్నాను."

పిల్ల మొహం చిన్నబోయింది. "నేను సరిగ్గా నేర్పలేదా పెద్దమ్మా?"

ఆ మాటకి మీటరమ్మ తట్టుకోలేకపోయింది. "లేదే తల్లీ, నువ్వు బాగా నేర్పావు. ఆవిడ అడిగిందంతా అర్థమైంది."

"మరి ఏమడిగింది?"

మీటరమ్మ చెప్పింది. వాన పడి తొట్లు నిండితే నీళ్ళెక్కడికి పోతాయని అడిగిందంది. పంతులమ్మ కిటికీలోంచి వాన వైపు చూసింది. తువ్వాలు పట్టుకున్న పెద్దమ్మ చేతుల వైపు చూసింది. పూర్తిగా ఆరని చక్రం రంగు రెండు అరచేతులకూ నీలంగా అంటుకుని ఉంది.

"వాన పడ్డప్పుడల్లా వచ్చి పంపు నీళ్ళు వద్దంటావు నువ్వు" అంది పిల్ల. పాఠం చెప్పినట్టే ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "మై ఆంట్ డిశ్చార్జెస్ అన్‌ట్రీటెడ్ వాటర్." పెన్ను బల్ల మీద పెట్టింది. "నిజమేనా? నిజమైతేనే మార్కు."

చెల్లెలు టీ గ్లాసుతో వచ్చి నిలబడింది. "ఏంటక్కా, ఏమంటోంది ఇది?"

పొద్దున ఇంగ్లీషు రాదని తప్పించుకుంది. ఈ వంటింట్లో చెల్లెలి ముందు ఏది రాదనాలి? మీటరమ్మ అరచేతులు బల్ల మీద బోర్లా పెట్టింది, మళ్ళీ తిప్పి వెల్లకిలా పెట్టింది.

"వానకి కలిసేది బురద కాదే. మా తొట్లలో మురుగు. మీ కాలవలోకి వదిలేది నేనే."

చెల్లెలు గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

చెల్లెలు కూతురి చెయ్యి పట్టి లాగి, చొక్కా చెయ్యి పైకి మడిచి, దీపం కింద ఆ ఎర్రటి మడతల్ని ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. అంతలో గోడవతలి నుంచి పక్కింటావిడ కేకేసింది. "మీ అక్క వచ్చిందా? రేపు నీళ్ళు పట్టుకోవచ్చా, వద్దా?"

చెల్లెలు కూతురి చెయ్యి వదల్లేదు. అక్క వైపు చూడనూ లేదు.

"నువ్వే వెళ్ళి చెప్పు" అంది.