గంటెలు మోగవు

కూర్మనాథానికి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు ఎదురుగా నిలబడ్డ అప్పలసూరితో.

"ఏటి సెప్పమంటారు బాబూ! మా అక్క దాలమ్మ గంటెల మూట నెత్తినెట్టుకొని, కొండకాడ సెల్లెలి ఊరికెల్తంది. కొత్త ఎస్సైబాబు ఆపి, మూటలో ఏటున్నాదని అడిగినాడట. గంటెలు బాబూ, కొండకాడ మావోలకి అన్నాదట. అంతే, జీపెక్కించీసినారు."

ఆ ఎస్సై గుంటూరు వైపునుంచి వచ్చినవాడు. అక్కడ వాటిని సజ్జలంటారు. గంటెలన్న మాట అతని చెవికి గంటలని వినిపించింది. మూట విప్పి చూస్తే గింజలున్నాయి. నాలిక్కరుచుకుని ఆడమనిషిని పంపేయాల్సినవాడు సరిగ్గా అప్పుడే తన తెలివంతా బయటికి తీశాడు. గింజలు మోస్తూ గంటలంటోందంటే అది రహస్య భాషేనని, గంటలంటే బాంబులని, మావాళ్ళంటే నక్సలైట్లని కేసు కట్టేశాడు. అరవైతొమ్మిదిలో ఆ జిల్లాలో కొండవైపు అడుగేస్తే చాలు, మిగతా కథ పోలీసులే అల్లేవారు.

అసలు ఇలాంటి కేసులతోనే కూర్మనాథం పైకొచ్చాడు. లాకప్పుల్లో దెబ్బలు తిన్నవాళ్ళ తరఫున ఫీజు అడక్కుండా కోర్టుల్లో గొంతు చించుకున్నాడు. ఆ గొంతు విన్న జనం అరవయ్యేడు ఎన్నికల్లో అతన్ని అసెంబ్లీకి పంపారు. అక్కడికెళ్ళాక పాలకపక్షంలో చేరిపోయాడు. లోపలుంటేనే పనులవుతాయని ఊరందరికీ చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. నల్లకోటు ట్రంకుపెట్టెలోకి పోయింది. దాలమ్మ లాంటివాళ్ళు జీపులెక్కుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే భావనారాయణ ఇంటికి వెళ్ళాడు. భావనారాయణ మేనత్త కొడుకు, ప్రభుత్వ ప్లీడరు. దాలమ్మ మీద కేసు నడపబోయేది ఆయనే.

"గంటెలంటే ఏమిటో నాకు తెలీదా బావా!" అన్నాడాయన తాంబూలం నములుతూ. "ఎస్సై పప్పులో కాలేశాడు. ఇప్పుడు కేసు లేదంటే డిపార్టుమెంటు పరువేం కావాలి? కొన్నాళ్ళకి అదే కొట్టుకుపోతుంది. నువ్వు మాత్రం కోర్టు ఛాయలకి రాకు. మంత్రివర్గంలోకి నీ పేరు వినిపిస్తోంది. మన పక్షం మనిషివై ఉండి నక్సలైట్ల తరఫున నిలబడితే పైవాళ్ళు ఊరుకుంటారా?"

ఎస్సై మీద కూర్మనాథానికున్న కోపం ఓ పాటిది. వాడికి ఈ ఊరి మాట తెలీదు. భావనారాయణకి తెలుసు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి, ఇంట్లో తెలిస్తే వీపు చీరేస్తారని భయపడుతూనే, దాలమ్మ వాళ్ళ పెరట్లో కూర్చుని గంటె అంబలి తాగినవాళ్ళు. ముంతతో పోసింది దాలమ్మే. మూతులు తుడుచుకుని మరీ ఎల్లండని నవ్వుతూ పంపేది.

"నువ్వసలు మనిషివేనట్రా?" అన్నాడు.

"రెండేళ్ళుగా నువ్వు చేస్తున్నదే నేనూ చేస్తున్నాను. తెలిసి ఊరుకోవడం. అందులో నేనెక్కువ చేసిన పాపమేమిటి?"

కూర్మనాథం లేచి వచ్చేశాడు. తిట్టడానికి నోటినిండా మాటలున్నాయి గానీ, ఒక్కటీ వాడికి మాత్రమే తగిలేది కాదు.

కోర్టు రోజున ట్రంకుపెట్టె తెరిచి కోటు దులిపి తొడుక్కున్నాడు. కలరా ఉండల కంపు తనకే కొట్టింది. బోనులో దాలమ్మ నిలబడి ఉంది. పెదవి చిట్లి వాచింది.

మేజిస్ట్రేటు కూడా పైజిల్లా మనిషే. కూర్మనాథం జేబులోంచి గుప్పెడు గింజలు తీసి ఆయన బల్లమీద పోశాడు.

"జాగ్రత్తండి. బాంబులు."

కోర్టు గొల్లుమంది. మేజిస్ట్రేటు బల్ల చరిచాడు. "ఇవి సజ్జలు కదూ?"

"తమకి సజ్జలు. ఇక్కడేమంటారో ప్రభుత్వ ప్లీడరుగారిని అడగండి. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టారు."

భావనారాయణ లేచాడు. గింజల వైపు చూడలేదు. "సజ్జలేనండి," అన్నాడు.

కూర్మనాథానికి కోపంతో కళ్ళు కనపడలేదు. తాను ఎమ్మెల్యేనని, ఇది కోర్టని మరిచిపోయాడు. "ఒరే భావనారాయణా! అదిగో, ఆ బోనులో ఉన్నామె చేతి అంబలి తాగావే, అప్పుడు సజ్జంబలి అన్నావురా? ఆమె మొహం చూసి చెప్పరా!"

"మాట మర్యాద!" అని మేజిస్ట్రేటు గద్దించాడు. అయినా ఆయనకీ అనుమానం తగిలింది. "ప్లీడరుగారూ, తప్పించకుండా చెప్పండి. ఇక్కడి వాళ్ళు వీటినేమంటారు?"

భావనారాయణ బోనువైపు చూశాడు. ఆ చిట్లిన పెదవి చూశాడు.

"గంటెలంటారండి."

దాలమ్మని సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టారు.

వరండాలో భావనారాయణ ఎదురుపడి, "మంత్రి పదవికి నీళ్ళొదులుకున్నావు," అన్నాడు. కూర్మనాథం అటు తిరగనైనా లేదు. అప్పలసూరి దండాలు పెడుతున్నాడు. దాలమ్మ పెట్టలేదు. దగ్గరకొచ్చి నిలబడింది.

"నన్ను వొగ్గీసినారు, బాగున్నాది. నాతోపాటు లాకప్పులో సవర ఆడోలున్నారు. ఆలకి తెలుగే రాదు. ఆలేటి సెప్పినారో పక్కనున్న నాకే తెల్లేదు, ఆ ఎస్సైకేటి తెలస్తాది? అయినా ఆలు ఒప్పుకున్నారని ఆడే రాసీసుకున్నాడు. గంటెలంటే నీకు తెలుసు కాబట్టి నాను బైటికొచ్చినాను. ఆల మాట ఎవులికి తెలుసు బాబూ?"

కూర్మనాథం తల దించుకున్నాడు. ఓట్లకోసం సవర గూడేలన్నీ తిరిగాడు. దండలు వేయించుకున్నాడు, ఇప్పసారా మెచ్చుకున్నాడు. వాళ్ళ భాషలో ఒక్క మాట నేర్చుకోలేదు. ఎస్సైకీ తనకీ తేడా ఎక్కడుందో వెతుక్కున్నాడు, దొరకలేదు. తనమీద తనకే ఒళ్ళు మండింది.

"అప్పలసూరీ, సవరమాట, తెలుగూ రెండూ వచ్చిన మనిషెవరైనా సరే పట్టుకురా. ఇప్పుడే."

"బజార్లో ఉంటారు బాబూ, సింతపండు అమ్ముతుంటారు," అంటూ అప్పలసూరి పరిగెత్తాడు.

భావనారాయణ మెట్లమీద నిలబడి కోటు గుండీలు తీస్తున్నాడు.

"విప్పకు బావా," అన్నాడు కూర్మనాథం. "లోపలికి పద."