ఏటి ఇవతలి పోలీసులు

పసుపు సీజన్ మంచి ఊపు మీదుంది. ఆర్మూరులో ఓ కమీషన్ షాపు ముందు విజయశ్రీ తోటి ఆడవాళ్లతో కలిసి పసుపు కొమ్ములను, గోళ అనే గుండ్రటి దుంపలను వేరు చేస్తోంది. ఫోన్ మోగింది. చూస్తే ఏదో విదేశీ నంబరు. చేతిలోని కొమ్ములు వదిలేసి ఎత్తింది.

"అక్కా, నేను రఘును. నన్ను పోలీసులు పట్టుకున్నరు."

తమ్ముడు రఘునందన్ గొంతు విని చాలా రోజులైంది. డిచ్‌పల్లిలో పీజీ చేసి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాడికి, థాయిలాండ్‌లో కంప్యూటర్ పని ఉందని ఓ ఏజెంటు ఆశ పెట్టాడు. విమానం దిగగానే కారెక్కించారు. పొద్దంతా తిప్పి ఓ ఏటి ఒడ్డున దించి, పడవ ఎక్కించారు. అవతలి ఒడ్డు బర్మా అని దిగాక గానీ తెలియలేదు. పాస్‌పోర్టు లాక్కున్నారు. తుపాకుల కాపలాలో కూర్చోబెట్టి, ముక్కూమొహం తెలియనివాళ్లను ఫోన్లలో తీయటి మాటలతో నమ్మించి డబ్బు గుంజే పని చేయించారు. చేయనంటే కరెంటు షాకులు. ఇదంతా ఒకే ఒక్కసారి దొంగచాటుగా ఫోన్ చేసి అక్కకు చెప్పి, "అమ్మకు చెప్పకు" అన్నాడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. విజయశ్రీ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

"ఏ పోలీసులురా? బర్మోళ్లా?" అంది.

"కాదక్కా, థాయిలాండోళ్లు. గా ఆఫీసుల మీద బర్మోళ్ల మిలిటరీ దాడి చేసింది. కాపలోళ్లంత ఉరికిన్రు. నేనూ, కరీంనగర్ పిలగాడొకడూ ఏట్ల దిగినం. నీళ్లు ఛాతీ దాక వచ్చినయ్. ఇవతల ఒడ్డెక్కంగనే జవాన్లు తుపాకి చూపిచ్చిన్రు. పర్మిషన్ లేకుంట బార్డర్ దాటినమని కేసు పెట్టి లోపలేసిన్రు."

విజయశ్రీ ఫోన్‌ను చెవికి అదిమిపట్టుకుంది.

"కొడ్తున్నరా?"

"లేదు."

"బువ్వ పెడ్తున్నరా?"

"పెడ్తున్నరు. జర చప్పగుంటది."

"తలుపుకు తాళమేసిన్రా?"

"ఏసిన్రక్కా."

"మంచిగేసిన్రు తియ్ తమ్మీ! నువ్వు ఆడికెల్లి అస్సలు కదలకు."

ఫోన్ పెట్టేసి ఆమె పకపకా నవ్వింది. కళ్లలోంచి నీళ్లు మాత్రం ఆగడం లేదు. పక్కనున్న పోచవ్వ కంగారుగా దగ్గరికొచ్చింది.

"ఏమైందే?"

"మా తమ్ముడు జైల్ల పడ్డడు పోచవ్వా!"

పోచవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ సాయంత్రమే విజయశ్రీ మోర్తాడ్ పోయి, బీడీలు చుడుతున్న తల్లి నీలవ్వ ముందు కూర్చుని దాచిన కథంతా చెప్పేసింది. నీలవ్వ చేతిలోని ఆకు పక్కన పెట్టింది.

"ఇన్ని దినాలు వాని ఫోన్ ఖరాబైందంటివి. నేను నమ్మిననుకున్నవా? నీ మొఖం చూసి అడగకుంట ఊకున్న." కూతురి చెయ్యి పట్టుకుని, "పానంతోని ఉన్నడు గద?" అంది.

"ఉన్నడే అమ్మా. జైల్ల భద్రంగ ఉన్నడు."

మన ఎంబసీవాళ్లు కాగితాలు సిద్ధం చేసేసరికి వానలు మొదలయ్యాయి. రఘునందన్ ఆర్మూరు బస్టాండులో దిగేటప్పటికి చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఏజెంటు మాట నమ్మినందుకు నాలుగు చీవాట్లు పెట్టాలని విజయశ్రీ పొద్దుట్నుంచీ మాటలు కూర్చుకుంది. తీరా తమ్ముడు ఎదురుగా నిలబడగానే అడిగింది ఒక్కటే.

"ఏమన్న తింటవారా?"

"మస్తు కారమున్నది ఏదన్న ఇప్పియ్యక్కా."

మిర్చి బజ్జీలు తింటూ అతను ముక్కు చీదాడు, దగ్గాడు, నవ్వాడు. ఆమె అలా చూస్తూనే ఉంది.

మోర్తాడ్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏరు దాటిన సంగతి చెప్పమని తనే అడిగింది. అతను మొదలుపెట్టాడు కూడా. వేల్పూరు రాకముందే మాట ముద్దముద్దయింది. అతని తల అక్క భుజం మీద వాలింది. ఆమెకూ ఎన్నాళ్లుగానో కంటి నిండా నిద్ర లేదు.

"అమ్మా, లెవ్వుండ్రి. యాడ దిగాలె మీరు?" కండక్టర్ సీటు తడుతున్నాడు.

"మోర్తాడ్."

"మోర్తాడ్ ఎప్పుడో పోయింది. ఇది కమ్మర్‌పల్లి!"

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోడ్డు మీద దిగి, నవ్వు ఆపుకోలేక ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అంతలో ఫోన్ మోగింది.

"యాడున్నరే? కూర సల్లారిపోతున్నది," అంది నీలవ్వ.