ఒక్క కొమ్ము తేడా

కదిలే ఇంట్లో పిల్లుల ఇసుక తట్ట శుభ్రం చేయడానికి ఒక పద్ధతి ఉంది. బండి ఆగాక చేయాలి, తలుపు తెరవక ముందే చేయాలి. తలుపు ముందు తెరిస్తే గుమాస్తా కాళ్ళ సందులోంచి బయటికి దూరిపోతాడు. ఆలస్యం చేస్తే దొరసాని మా ఆయన చెప్పుల్లో తన అభిప్రాయం ప్రకటిస్తుంది. ఆ ఉదయం నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక జల్లిస్తుంటే పడక మీద నుంచి ఆయన అన్నారు: "ఇల్లు వదిలొచ్చినా నీకు పని వదల్లేదు చూడు."

జాలిగానే అన్నారు. పని నన్ను ప్రేమించి, చెప్పకుండా వెంటపడి వచ్చేసినట్టుగా.

నిజానికి మేము ఇల్లు వదిలి రాలేదు. ఇంటినే తెచ్చుకున్నాం. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన ఈ బండి కొన్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తలుపు తెరిచి, "ఇల్లే వెంట వస్తుంటే ఇంకేం కావాలి?" అనేవారు. ఇల్లు వెంట వస్తే ఇంట్లో ఉన్నవన్నీ వస్తాయని నాకు అప్పుడే తెలుసు: పొయ్యి, అంట్లు, తడి తువ్వాలు, "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అనే ప్రశ్న. అక్కడ వంటగది నుంచి పడకగదికి నాలుగడుగులు నడిచేదాన్ని, ఆ నాలుగడుగుల్లో నాకంటూ ఒక ఆలోచన ఉండేది. ఇక్కడ చేయి చాపితే అన్నీ అందుతాయి, ఆలోచనకే చోటు లేదు. ఆయన దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు నేర్చుకున్నారు. నేను మంచినీళ్ళ తొట్టి ఎక్కడ నింపాలో, మురికినీళ్ళ తొట్టి ఎక్కడ ఖాళీ చేయాలో, గ్యాసు మీట ఎటు తిప్పితే ఆగుతుందో నేర్చుకున్నాను. దీన్నంతా కలిపి ఆయన 'మన విహారం' అంటారు.

పిల్లులు మాత్రం నావి. బడిలో భాష చెప్పేదాన్ని. వ్యాకరణం నా పాఠం. సమావేశాల్లో టీ పోయడం కూడా నా పాఠమే అన్నట్టు, "మీ చేతుల మీదుగా అయితే బాగుంటుందండీ" అనేవారు హెడ్మాస్టరు. ఆ బడి పాత సామాను గదిలో పుట్టిన పిల్లలివి. ఒకటి బూడిద రంగు. పుట్టిన వారానికే ఎవరినీ లెక్కచేయనట్టు కూర్చునేది, దొరసాని అన్నాను. రెండో దాని తెల్లటి ముందుకాలి మీద సిరా ఒలికినట్టు నల్లమచ్చ, గుమాస్తా అయింది. నేను వాటిని ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు వీధిగుమ్మంలోనే నిలబెట్టి, లోపల వినపడేలా అన్నారు: "మా కోడలు వ్యాకరణం పంతులమ్మ కదూ! పిల్లల్ని కనమంటే పిల్లుల్ని తెచ్చింది. ఒక్క కొమ్ము తేడా, అంతే!" ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. బాగా చెప్పిన మాటకు నవ్వడం తప్పు కాదు కదా అని, నేను కూడా నవ్వాను. పిల్లలు కలగకపోవడంలో ఎవరి వంతు ఎంతో పరీక్షలు చేసిన డాక్టరుకీ మా ఇద్దరికీ తెలుసు. ఆ నవ్వు ఆగేంత సేపూ ఆయన ఒక్క మాట అంటారేమో అని చూశాను. ఆ చూపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానితో ఏం చేయాలో తెలియక దాచుకున్నాను.

బయలుదేరిన కొత్తలో పిల్లులు చాలా బాధపడ్డాయి. మనుషులు ఇల్లంటే గోడలనుకుంటారు. పిల్లికి ఇల్లంటే ఒక క్రమం, ఒక వాసన, ఏ వేళకు ఏ ఎండ ఎక్కడ పడుతుందో అన్న జ్ఞానం. బండిలో ఎండ ప్రతి మలుపుకీ చోటు మారేది. గుమాస్తా బుట్టలోంచి ఆపకుండా అరిచాడు. దొరసాని అరవలేదు, తిండి మానేసింది. నేను వాటి పాత దుప్పటి ఉతక్కుండా తెచ్చి పరిచాను. బండి ఎక్కడ ఆగినా తట్ట ఒకే మూల, గిన్నెలు ఒకే వరస. ఒక మధ్యాహ్నం దొరసాని బుట్టలోంచి బయటికొచ్చి, ముందు అద్దం దగ్గర పడుకుని, పొలాల్ని తన ఆస్తిలా చూసింది. ఇల్లు అనేది దొరికేది కాదని, రోజూ ఎవరో ఒకరు చేస్తుంటే ఉండేదని ఆ పూట నాకు అర్థమైంది. ఆ ఎవరో ఒకరు నేనే.

దారి మధ్యలో ఆయన మెడ పట్టేసింది. ఎటూ తిప్పలేకపోయారు. "కాసేపు నువ్వు పట్టు, చిన్న కారు కాదు ఇది, జాగ్రత్త," అంటూ స్టీరింగు వదిలారు. నేను పట్టాను. మొదట్లో వెనకాల ఒక ఊరంత బరువు లాగుతున్నట్టు అనిపించింది. తర్వాత ఆ బరువు నా నడుములోకి వచ్చి కుదురుకుంది. ఘాటు రోడ్డు దిగాను. ఇరుకు వంతెన మీద లారీకి దారిచ్చాను. ఏ మలుపుకు గిన్నెలు మోగుతాయో, ఏ వేగానికి గుమాస్తా మేలుకుంటాడో తెలిసింది. ఎందుకో చెప్పలేను గానీ, అద్దంలో నా ముఖం నాకు నచ్చింది. కాసేపన్న ఆయన మాట పక్క సీట్లో దిండు పెట్టుకుని స్థిరపడింది.

బళ్ళు నిలుపుకునే తోట ఒకటి వచ్చింది. ద్వారం దగ్గర కిటికీలో కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది: "ఎంతమందండీ?"

"ఇద్దరం. రెండు పిల్లులు," అన్నారు ఆయన.

"పిల్లలకి ఉయ్యాలలు అటు పక్కన ఉన్నాయండి. ఒంటరిగా పంపకండి, చెరువుంది."

"పిల్లలు కాదమ్మా, పిల్లులు! కొమ్ము పెట్టు, కొమ్ము!"

ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, సారీ ఆంటీ. అల్లరి చేస్తాయా?"

"ఒకతి చేయదు, ఒకడు చేస్తాడు," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "ఒకతి, ఒకడు ఏమిటే? పంతులమ్మవి, నువ్వే అలా అంటే ఎలా? ఒకటి, ఒకటి."

మర్నాడు నేను బండి నడుపుతుండగా ఆయన ఫోను మోగింది. వాళ్ళ అక్కగారు, మా వదినగారు. చెవికి దూరంగా పెట్టుకుని గట్టిగా మాట్లాడతారు ఇద్దరూ, అక్కాతమ్ముళ్ళ మధ్య దాపరికం ఉండదు.

"ఎవరు నడుపుతున్నార్రా తమ్ముడూ? మెడ నొప్పన్నావు?"

"నేనే అక్కా. నేను కాక ఇంకెవరు? ఇంత బండి దానివల్ల ఎక్కడవుతుంది?"

"మరి అదేం చేస్తోంది?"

"అదా? వెనకాల పడుకుంది."

నా చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. అద్దంలోకి చూశాను. వెనకాల నిజంగానే ఒకతి పడుకుని ఉంది, దుప్పటి మీద, బూడిద రంగులో. ఆ చివరి మాటలో ఆయన అబద్ధమాడారా, లేదా? వ్యాకరణం దగ్గర ఆగి ఆలోచించాను, అది నాకు అలవాటు. మన భాషలో మగవాడు వస్తే 'వచ్చాడు'. ఆడది వస్తే 'వచ్చింది'. పిల్లి వచ్చినా 'వచ్చింది', వాన వచ్చినా 'వచ్చింది', జ్వరం వచ్చినా అంతే. మహత్తు, అమహత్తు అని పేర్లు వాటికి. ఆడది ఒక్కతే ఉన్నంతసేపూ అమహత్తుల్లోనే ఉంటుంది, పిల్లితో, తట్టతో, గ్యాసు మీటతో. నలుగురిలో కలిస్తేనే 'వచ్చారు' అవుతుంది, అప్పుడే మనిషి. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద ఈ సూత్రం రాశాను, నీళ్ళు పల్లానికి పారతాయన్నంత మామూలుగా. అది నా గురించి రాసిన వాక్యమని, గంటకు ఎన్నో మైళ్ళు పోతూ, ఎదురుగా ఎండ కొడుతుంటే, ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది, అది అంత బాగాలేదు. గుమాస్తాను నేను మొదటినుంచీ 'వాడు' అంటున్నాను. దొరసానిని 'అది' అనే అంటున్నాను. ఎవరూ చెప్పకుండానే.

ఫోను పెట్టేసి ఆయన ఉత్సాహంగా అన్నారు: "అక్క రేపు మనతో కలుస్తోంది. ముందొచ్చే ఊళ్ళో, బస్టాండు దగ్గర. సముద్రం దాకా మనతోనే."

"పడుకోవడానికి చోటెక్కడుంది?"

"వెనకాల ఉంది కదా. వాటినెలాగూ దింపేస్తాం. అక్కకి పిల్లి వాసన పడదు, తుమ్ములు. ఆ ఊళ్ళో జంతువుల్ని చూసుకునేవాళ్ళున్నారట, కనుక్కున్నాను. తీసుకుని ఎవరో ఒకరికి పెంచుకోడానికి ఇచ్చేస్తారు. మంచివాళ్ళేలే."

"ఇచ్చేస్తారా? మళ్ళీ తెచ్చుకోమా?"

"ముసలివయసులో మనకీ బాదరబందీ ఎందుకు? నీకూ పని తగ్గుతుంది." ఆయన నా భుజం తట్టారు. "అక్కకి మోకాళ్ళు, పాపం. పథ్యం కూడాను. నువ్వున్నావు కాబట్టే ధైర్యంగా రమ్మన్నాను."

నా పని తగ్గించడానికి నావి రెండు ప్రాణాలు దింపి, ఆ చోట ఆయనది ఒక పని ఎక్కించడం. ఇందులో ఆయనకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. నేను రోడ్డు చూస్తూ నడిపాను. మౌనాన్ని ఆయన ఎప్పుడూ సరే అనే చదువుకున్నారు. నేనెప్పుడూ దిద్దలేదు.

మర్నాడు ఊళ్ళోకి వచ్చాం. బుట్టలు రెండూ ఆయనే తలుపు దగ్గర సిద్ధంగా పెట్టారు. ఆయన ఒక పని తనంతట తాను చేయడం ఈ ప్రయాణంలో అదే మొదలు. పెద్ద వీధి దాటాక బస్టాండు గడియారం కనిపించింది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నారు:

"ఆ మలుపు దగ్గర కాస్త ఆపు."

"ఎందుకండీ?"

"సీటు మారదాం. అక్క చూస్తుంది."

"మెడ తిరగదుగా మీకు?"

"నాలుగు గజాలకి మెడెందుకే? నేరుగా పోవడమేగా. అక్కతో నేనే నడుపుతున్నానన్నాను. ఆ మాత్రం పరువు నిలబెట్టలేవా? కాసేపు వెనక్కెళ్ళి కూర్చో."

మలుపు దగ్గరపడింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఎప్పుడూ ఇంతే అడిగారు: కాసేపు వెనక్కి. మా అత్తగారు నవ్విన రోజు, హెడ్మాస్టరు టీ అన్న రోజు, నేను ఎంత సుళువుగా జరిగానో నాకు తెలుసు. జరగడం కూడా ఒక నైపుణ్యం. చప్పుడు కాకుండా, ఎవరికీ తగలకుండా. ఇప్పుడు నా కింద ఉన్నది కుర్చీ కాదు, ఇంజను. నేను జరగాలంటే ముందు ఇది ఆగాలి. ఆపేది నా కాలే.

ఆపలేదు. మలుపు తిప్పాను. చాలా నిదానంగా, ఒక్క గిన్నె కూడా మోగకుండా తిప్పి, బస్టాండు ముందు, సంచీ పట్టుకుని నిలబడ్డ వదినగారి ఎదురుగా నిలిపాను.

ఆవిడ ముందు అద్దంలోంచి నన్ను చూశారు, పక్కనున్న తమ్ముణ్ణి చూశారు. "ఇదేమిట్రా? వెనకాల పడుకుందన్నావ్?"

ఆయన దిగారు. మెడ పట్టుకుని నేల చూశారు. నాకు జాలి కలిగింది. జాలి కలిగినా దిగలేదు.

"వెనకాల పడుకున్నది దొరసాని వదినగారూ," అన్నాను కిటికీ దించి. "ఘాటు రోడ్డు దగ్గర్నుంచి నేనే నడుపుతున్నాను. రండి, ఎక్కండి. మీకు పడక చూపిస్తాను."

"ఆ రెండింటినీ ఇంకా వదిలించుకోలేదా?"

"వదలను."

"అయితే నేనెక్కను!"

"మీ ఇష్టమండీ."

వదినగారు సంచీ కింద పెట్టి తమ్ముడి వైపు తిరిగారు. "చూశావురా తమ్ముడూ! బండెక్కగానే దీనికి కొమ్ములొచ్చాయి."

"వచ్చినట్టే ఉన్నాయి," అన్నాను. నవ్వాను కూడా. ఈసారి ఎవరి మాటకో నవ్వలేదు. కడుపులోంచి, ఎండలోకి, నా నవ్వు నేను నవ్వాను.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, చుట్టూ జనం వింటున్నారేమో చూసి, "ఏమిటిది, నలుగురిలో?" అన్నారు.

"గొడవేం లేదండీ. సముద్రం చూద్దామనే కదా బయల్దేరాం. నేను చూసి వస్తాను. మీరూ రండి, పక్క సీటు మీదే, దిండు కూడా అక్కడే ఉంది."

"అక్కని ఇక్కడ ఎలా వదిలేసి రమ్మంటావ్?" అన్నారు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. ప్రాణమున్నదాన్ని ఊరుగాని ఊళ్ళో వదలడం తప్పని ఆయనకు తెలుసు. ఎవరిని అన్నదే మా ఇద్దరికీ తేడా.

"అయితే వదలకండి. ఇంటికి బస్సుంది. తోడుగా వెళ్ళండి." ఆయన సంచీ, మందుల డబ్బా, ఇంటి తాళాలు కిటికీలోంచి అందించాను. "మెడకి రాసుకునేది సంచీ పక్క అరలో ఉంది. రాత్రికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి."

ఆయన సంచీ అందుకుని అలాగే నిలబడ్డారు. నేను మాట్లాడుతున్నది పోట్లాట కాదని, బతిమాలాల్సిన అలక కూడా కాదని అప్పుడు అర్థమైనట్టుంది. ముఖంలో కోపం లేదు. నేను ఎప్పుడూ చూడని ఒక భయం ఉంది. నా కోసమో, తన కోసమో తెలియలేదు.

"ఒక్కదానివే వెళ్తావా?" అన్నారు.

నేను గేరు వేశాను.

"ఒక్కదాన్నేమిటండీ," అన్నాను. "ముగ్గురం."