లసుమవ్వ చేట

నేను ఒక చేటను. ఈ మ్యూజియంలో నా పక్కన గోడకు అంటించిన అట్టముక్క మాత్రం ఈ మాట ఒప్పుకోదు. "మిశ్రమ మాధ్యమం" అంటుంది. ఇంత పెద్ద బిరుదు వస్తుందని తెలిస్తే నన్ను అల్లిన మేదరాయన సంతలో అంత చవగ్గా ఇచ్చేవాడే కాదు.

నన్ను కొన్నది లసుమవ్వ. కొత్త చేటకు సందులుంటాయి, నూకలు జారిపోతాయి. అందుకని ఆమె పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి మెత్తగా రుబ్బి, ఆ ముద్దతో నన్ను అలికింది. అంచులు బొటనవేలితో నొక్కింది. సెలవులకు వచ్చిన మరిది ఓదెలు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. హైదరాబాదులో బొమ్మలు వేయడం చదువుతున్నాడతను. మందంగా పూసిన రంగులు ఎండగానే పెచ్చులూడుతున్నాయని అతని బెంగ.

"వదినె, ఇది ఎండినంక పగల్దా?"

"మెంతులేస్తె ఎందుకు పగుల్తది? అంచుకు ఇంకింత ఎక్కువెయ్యాలె."

ఆమె నాతో నెలరోజులు బియ్యం చెరిగింది. సెలవులైపోగానే ఓదెలు నన్ను అడిగి తీసుకున్నాడు. వండుకుని తింటాడు కాబోలని ఆమె సంబరపడి ఇచ్చింది. అతనేమో నన్ను చెక్కకు మేకులతో కొట్టి, చుట్టూ అదే ముద్ద మెత్తి, నలుపూ ఎరుపూ పూశాడు. బియ్యంతో నా రుణం అంతటితో తీరింది.

మొదటి ప్రదర్శనలో పేరున్న విమర్శకుడొకాయన నా ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అద్భుతం! ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు. ఓదెలు ముఖం చేటంత అయింది. ఆ కొలత నాకు బాగా తెలుసు. వదిన పేరు అతని నాలుక చివరిదాకా వచ్చింది. వంటింటి విద్య అంటే నవ్వుతారేమోనని మింగేశాడు.

"నా సొంత ప్రయోగమండీ."

ఆ మాటే ముప్పై ఏళ్లు పత్రికల్లో, సన్మానాల్లో చెప్పాడు. శాలువాలు పెరిగేకొద్దీ వదిన ఇంటికి పోవడం తగ్గించాడు. ఎవరెంత అడిగినా నన్ను మాత్రం అమ్మలేదు. నాకు అతని మీద కోపం రావాలి, కానీ జాలే వచ్చేది.

నన్ను మ్యూజియానికి పంపే ముందురోజు, నా వెనక చెక్క మీద పెన్సిలుతో రాశాడు: "ఈ విద్య మా వదినె లసుమవ్వది. నాది కాదు." ముందువైపు చోటు లేక కాదు, ధైర్యం లేక. ఏడాది తిరక్కుండానే పోయాడు.

మొన్న లసుమవ్వ వచ్చింది, మనవరాలి చెయ్యి పట్టుకుని. చూడగానే నన్ను పోల్చుకుంది.

"గిది నా చేటనే! సూడు, అంచుకు మెంతులు తక్కువేసిండు, పగిలింది" అంటూ చెయ్యి చాచింది.

"ముట్టద్దు అవ్వా" అన్నాడు కావలి మనిషి.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "బిడ్డా, నా పేరేమన్న రాసిండా సూడు."

మనవరాలు అట్టముక్కను రెండుసార్లు చదివింది. "లేదవ్వా. చిన్నతాత పేరే ఉన్నది."

"పోనీ తియ్. ఆనికి పేరొచ్చింది, గది సాలు" అంది లసుమవ్వ. అన్నదే గానీ కదల్లేదు. ఆమె బొటనవేలు నా అంచును నొక్కుతున్నట్టు గాలిలోనే కాసేపు ఆడింది.

ఆమె పేరుకూ ఆమెకూ మధ్య ఉన్నది నేనే. ఎవరైనా ఒక్కసారి నన్ను గోడ మీంచి తిప్పితే బాగుండునని ఎంత తపించానో! ఎవరూ తిప్పలేదు. అవ్వ మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.