అబాయా మడతలో పోయిన అంగీ

...కాదమ్మా తన్మయీ, తప్పు గుడ్డది కాదు, మడతది. అట్లే రాయి.

మీ బళ్లో చరిత్ర నాటకానికి నల్ల అంగీ కావాలన్నావు. పాతకాలపు క్రైస్తవ యోధులది, రొమ్ము మీద తెల్ల శిలువ. ఎర్ర శిలువ వాళ్లది వేరే జట్టు, వాళ్లకు తెల్లంగీ, కలపొద్దు తాతా అని మరీ చెప్పావు. ఇక్కడ ఈ అరబ్బుల ఊళ్లో, కరామా బజారులో మన కడప జిలానీ బాషా పనిచేసే అబాయాల కొట్లో, అదే ఆడవాళ్ల నల్ల బురఖాలు కుట్టే చోట, నల్లగుడ్డ మిగిలితే అడిగి తీసుకుని, వాడి మిషను మీదే కుట్టాను.

అబాయాను లోపలివైపు బయటికి తిప్పి మడవడం ఆ కొట్టు పద్ధతి. పైనున్న రాళ్ల పని గీసుకోకుండా. రోజూ వాళ్ల పక్కన కూర్చుని నా చేతికీ అదే అలవాటైంది. శిలువ లోపలికి పోయింది. బల్ల మీద పెట్టి టీకి పోయొచ్చేలోగా డ్రైవర్ సనావుల్లా దాన్ని అబాయా అనుకుని, రషీదియాలో ఒక అరబ్బుల ఇంటికి పోయే సంచిలో వేసుకెళ్లాడు. వాళ్ల అబాయా బల్ల మీదే ఉంది.

జిలానీ తెల్లబోయాడు. నీకు ఆ శిలువ నాటకం. ఆ ఇంట్లో అది, జెరూసలేం కోసం వాళ్ల పెద్దలతో కొట్లాడినవాళ్ల గుర్తు. అదీ అబాయా గుడ్డ మీద.

"ఆ ఇంటామె మా కఫీల్‌కు, నాకు వీసా ఇచ్చిన సేటుకు, ఒక్క ఫోను కొడితే నా వీసా ఖలాస్, మామా."

కుట్టింది నేనని చెప్తాలే అన్నాను.

"విజిట్ వీసా మీద వచ్చి, పని చేయకూడదని తెలిసీ మిషనెక్కినానని కూడా చెప్తావా?"

వెంటనే ఇద్దరం ట్యాక్సీలో ఆ ఇంటికి బయల్దేరాం. జిలానీ వాళ్ల అబాయాను ఒళ్లో పెట్టుకుని, ముడతలు లేకపోయినా సవరిస్తూనే ఉన్నాడు.

గేటు తీసింది పనిమనిషి. జిలానీ ఉర్దూలో మొదలుపెట్టి తడబడితే, మీది కడప పక్కనా అని ఆమే అడిగింది. పేరు హుస్సేనమ్మ. రాయచోటి మనిషి. మంచంపట్టిన ముసలామెను చూసుకోవడం ఆమె పని. ఇస్త్రీకని సంచి హుస్సేనమ్మే విప్పిందట. శిలువ చూసి, అంగీని తన దుప్పటి కింద దాచేసింది. అబాయా ఏదని ఆ ఇంటి మేడం అడిగితే ఇస్త్రీలో ఉందని చెప్పిందట.

గేటు సందులోంచి అంగీ ఇటొచ్చింది, అబాయా అటు పోయింది.

"ఇదేం గుర్తు పెద్దాయనా? ఎవురేసుకుంటారు దీన్ని?"

నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి కేక. గేటు పడిపోయింది. ఆమె తిట్లు తిందో, ఏమైందో తెలీదు. కొట్టుకు మాత్రం ఆ ఫోను రాలేదు. అయినా వాళ్లు ఆ అబాయా కుట్టించుకున్న పండగ దాటేదాకా, ఫోను మోగితే చాలు, జిలానీ కత్తెర ఆగిపోయేది.

ఇప్పుడు హుస్సేనమ్మ లీవు మీద ఊరికి పోయిందని జిలానీ చెప్పాడు. నంబరు తెచ్చాడు. ఆమెకు చదువు రాదు, ఉత్తరం పంపి లాభం లేదు. ఆ అంగీ వాళ్లు మొదట జెరూసలేంలో ఆసుపత్రి పెట్టి, జబ్బుమనుషుల పక్కలు సర్ది, రోగులను మా దొరలు అనేవాళ్లని నువ్వు నాకు చెప్పావు చూడు, అది కూడా రాయి. కత్తులు తర్వాత పట్టారని, ఊరు చేజారాక దీవులకు పోయారని రాయి. ఆ కేక ముసలామెదా, మేడందా అని కూడా నేను అడిగానని రాయి.

రాశావా? ఇక ఫోను చేసి, హుస్సేనమ్మకు ఇదంతా నిదానంగా చదువు తల్లీ.